గోళీలు దించిన గద్దె

ఓడిపోయానని టీవీలో ఒప్పుకున్నాడు. గెలిచినవాడికి ఫోన్‌చేసి నవ్వుతూ అభినందించాడు. వారం తిరిగేసరికి ససేమిరా దిగనన్నాడు. 2016 డిసెంబరులో మొదలై పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాను యాభై రోజులపాటు వణికించిన ఓ ఎన్నిక కథ ఇది.

గోళీ జారుతుంది. లోపల 'టింగ్‌'మని గంట మోగుతుంది. బల్ల దగ్గర కూర్చున్న అధికారులూ పార్టీల ఏజెంట్లూ ఆ చప్పుడు విని తలూపుతారు. ఓటు పడిందన్నమాట. గంట రెండోసారి కూడా మోగిందంటే మాత్రం ఎవరో కక్కుర్తి పడ్డారని లెక్క!

గాంబియాలో ఓటు వేయడమంటే ఇంతే. బ్యాలెట్‌ కాగితం లేదు, మీట నొక్కే యంత్రమూ లేదు. వేలికి సిరా పూసి చేతిలో ఓ గాజు గోళీ పెడతారు. తెర చాటుకు వెళ్తే వరసగా ఇనప డ్రమ్ములు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము, దానిమీద అతని ఫొటో. పైనున్న గొట్టంలోంచి నచ్చినవాళ్ల డ్రమ్ములోకి గోళీని జారవిడవడమే. గోళీకి గోళీ తగిలి వేరే చప్పుడు రాకుండా అడుగున ఇసకో రంపపు పొట్టో పోసి ఉంచుతారు. పోలింగు రోజున ఆ దరిదాపులకి సైకిళ్లను రానివ్వరు. ఏది సైకిల్‌ బెల్లో, ఏది ఓటు గంటో తెలియకపోతే కొంపలంటుకుంటాయి మరి. చదువుకున్నవాళ్లు తక్కువగా ఉన్న 1960ల్లో మొదలైన పద్ధతి ఇది.

లెక్కింపు ఇంకా తేలిక. రెండు వందలో, అయిదు వందలో గుంటలున్న పలకల్లో గోళీలను పరుస్తారు. పలక నిండితే ఇన్ని వందలని చూస్తున్నవాళ్లందరికీ తెలిసిపోతుంది. చిన్న పిల్లాడైనా చెప్పేస్తాడు.

అంత తేటతెల్లంగా తేలే లెక్క మీదా గొడవొచ్చింది. అదీ ఆరాతీయాల్సిన సంగతి.

నది వెంబడి దేశం

గాంబియా పేరు వినగానే మనవాళ్లలో చాలామందికి 2022లో దగ్గుమందు తాగి చనిపోయిన పసిపిల్లల వార్తలు గుర్తొస్తాయి. కాస్త పాత తరంవాళ్లకైతే 'ఏడు తరాలు' గుర్తుకురావాలి. అలెక్స్‌ హేలీ రాసిన 'రూట్స్‌'కు సహవాసి చేసిన తెలుగు అనువాదం అది. తెలుగునాట ఇంటింటా చదివిన ఆ పుస్తకంలో కుంటా కింటే పుట్టిన ఊరు జుఫూరే ఉన్నది ఈ దేశంలోనే, గాంబియా నది ఒడ్డున. బానిసల్ని ఓడలెక్కించిన నది ఇది.

మ్యాపులో చూస్తే ఆ నదికి అటూ ఇటూ అతికించిన సన్నటి పట్టీలా ఉంటుంది దేశం. ఒకవైపు సముద్రం, మిగతా మూడువైపులా సెనెగల్‌. 2016 నాటికి జనాభా 20 లక్షలు. వేరుసెనగ పండిస్తారు. చలికాలంలో యూరప్‌ నుంచి వచ్చే పర్యటకులు నాలుగు డబ్బులు తెచ్చిపెడతారు.

1965లో బ్రిటన్‌ నుంచి స్వాతంత్ర్యం వచ్చాక దావ్దా జవారా దాదాపు మూడు దశాబ్దాలు ఏలాడు. 1994 జులై 22న సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు తన తోటివాళ్లను వెంటేసుకుని వచ్చి ఆయన్ని దించేశాడు. రక్తం చిందలేదు. ఆ కుర్రాడే యాహ్యా జమ్మే.

ఆ తర్వాత నాలుగుసార్లు ఎన్నికలు పెట్టాడు. నాలుగుసార్లూ తనే గెలిచాడు. తెల్లటి అంగీ, చేతిలో ఖురాన్‌, జపమాల. పేరుకి ముందు షేక్‌, ప్రొఫెసర్‌, అల్‌హాజీ, డాక్టర్‌... అన్నీ తగిలించాల్సిందే. మూలికలతో ఎయిడ్స్‌ నయం చేస్తానని 2007లో ప్రకటించి రోగుల చేత మామూలు మందులు మాన్పించాడు. దేవుడు తలిస్తే వందకోట్ల ఏళ్లయినా పాలిస్తానని 2011లో బీబీసీతో అన్నాడు. వినడానికి నవ్వొచ్చే మాటలే. గాంబియన్లకు మాత్రం నవ్వే ధైర్యం లేదు. విమర్శించిన పాత్రికేయుడు దేదా హైదరాను 2004 డిసెంబరులో రాత్రిపూట కారులో ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. రహస్య పోలీసులు పట్టుకెళ్లినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు.

ముగ్గురు మిగిలారు

2016 ఏప్రిల్‌ 14న కొద్దిమంది రోడ్డెక్కారు. ఎన్నికల నిబంధనలు మార్చాలన్నదే వాళ్ల డిమాండ్‌. ముందు నిలబడింది ప్రతిపక్ష యునైటెడ్‌ డెమొక్రాటిక్‌ పార్టీ కార్యకర్త సోలో సాందెంగ్‌. పోలీసులు పట్టుకెళ్లారు. కస్టడీలోనే చనిపోయాడు. ఏడీ మా మనిషని అడుగుతూ రెండు రోజుల తర్వాత పార్టీ పెద్ద ఉసైను దార్బో వీధిలోకొచ్చాడు. ఆయన్నీ అరెస్టు చేశారు. జులైలో మూడేళ్ల జైలుశిక్ష పడింది.

నాయకుడు జైల్లో, ఎన్నికలేమో ముందు. అప్పుడు పార్టీకి కనిపించినవాడు కోశాధికారి అదామా బారో. స్థలాలూ ఇళ్లూ కొని అమ్మే వ్యాపారి. ఒకప్పుడు లండన్‌లో ఓ దుకాణం దగ్గర సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తూ చదువుకున్నాడు. ఆర్సెనల్‌ ఫుట్‌బాల్‌ జట్టంటే ప్రాణం. అప్పటిదాకా ఏ పదవీ చేయలేదు. జమ్మే, బారో ఇద్దరూ పుట్టింది 1965లోనే. ఒకరు ఇరవై రెండేళ్లుగా దేశాధినేత. రెండోవారి పేరు బంజుల్‌ దాటితే ఎందరికి తెలుసో అనుమానమే. ఏడు ప్రతిపక్షాలు ఎప్పుడూ లేనిది ఒక్కమాట మీదికొచ్చి అతణ్ని తమ అభ్యర్థిగా నిలబెట్టాయి. మూడో అభ్యర్థి మామా కాందే.

డిసెంబరు 1న పోలింగు. ఇంటర్నెట్‌ కట్‌, విదేశాలకు ఫోన్లు కట్‌. యూరప్‌ పరిశీలకులకు అనుమతి లేదు. కానీ ఒక్కటి మిగిలింది... ఏ కేంద్రంలో గోళీలు ఆ కేంద్రంలోనే ఏజెంట్ల ముందు లెక్కపెట్టారు. డ్రమ్ము బోర్లించగానే ఆ వీధిలో గెలిచిందెవరో ఆ వీధికి తెలిసిపోయింది. ఆ తర్వాత పెట్టెలు మాయం చేసినా, అంకెలు దిద్దినా దాగదు.

నవ్వుతూ ఫోన్‌

డిసెంబరు 2న ఎన్నికల సంఘం అధ్యక్షుడు అలియూ మోమర్‌ న్జై ఫలితం చదివారు. బారో గెలిచాడు. ఎనభై దాటిన పెద్దాయన ఆయన, నియమించింది జమ్మేనే. అయినా ఆయన గొంతు తడబడలేదు. ఆ రాత్రి టీవీలో జమ్మే కనిపించాడు. కెమెరా ముందే బారోకి ఫోన్‌చేశాడు. నువ్వే గెలిచావు, నీకు అంతా మంచే జరగాలి అన్నాడు. పకపకా నవ్వాడు కూడా. ఓడిపోతే ఊరుకుంటాడా అని గుండెలు చిక్కబట్టుకున్న జనం నమ్మలేకపోయారు. నమ్మాక వీధుల్లోకి వచ్చేశారు. జమ్మే పోస్టర్లు చింపారు, పొద్దుపోయేదాకా ఆడిపాడారు. మూడు రోజుల తర్వాత దార్బో కూడా బెయిలు మీద బయటికొచ్చాడు.

అదేరోజు, డిసెంబరు 5న, ఎన్నికల సంఘం ఇంకో ప్రకటన చేసింది. కూడికలో పొరపాటు దొర్లిందట. ముందు చెప్పిన లెక్కలో బారోకి 2,63,515 ఓట్లు, జమ్మేకి 2,12,099. దిద్దిన లెక్కలో బారోకి 2,27,708, జమ్మేకి 2,08,487, కాందేకి 89,768. గెలిచినవాడు మారలేదు. తేడా మాత్రం 51 వేల నుంచి 19,221కి పడిపోయింది. తప్పు జరిగిందని ఎవరూ అడగకముందే ఒప్పుకోవడం ఆ సంఘం నిజాయతీయే. కానీ సాకు వెతుక్కునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

డిసెంబరు 9 రాత్రి జమ్మే మళ్లీ టీవీలోకి వచ్చాడు. ఈసారి నవ్వులేదు. ఈ ఫలితాన్ని మొత్తంగా తిరస్కరిస్తున్నా, దైవభీతి ఉన్న కొత్త సంఘంతో మళ్లీ ఎన్నికలు పెడతా అన్నాడు. నాలుగు రోజుల తర్వాత సైనికులు ఎన్నికల సంఘం కార్యాలయాన్ని చుట్టుముట్టారు. న్జైని ఆయన ఆఫీసులోకే అడుగుపెట్టనివ్వలేదు.

అసలు భయం

పంతొమ్మిది వేల ఓట్ల తేడాకే మనిషి మనసు అంత మారిందా? అలా అనుకుంటే అమాయకత్వమే. తేడా 51 వేలని విన్న రోజు ఫోన్‌చేసి నవ్విన మనిషికి లెక్క కొత్తగా అర్థమైందేమీ లేదు. ఆ రెండు ప్రసంగాల మధ్య జరిగిన ఇంకో సంగతి చూడాలి. ప్రతిపక్ష కూటమిని ఒక్కచోటికి చేర్చినవాళ్లలో ముఖ్యురాలు ఫాటుమాటా జాలో తంబజాంగ్‌. డిసెంబరు 7న బ్రిటిష్‌ పత్రిక 'గార్డియన్‌'లో ఆమె ఇంటర్వ్యూ వచ్చింది. ఏడాదిలోగా జమ్మేను విచారణకు నిలబెడతామన్నది అందులో సారాంశం. సరిగ్గా రెండు రోజులకి జమ్మే మాట మారింది.

ఆమె తప్పేం మాట్లాడలేదు. కన్నకొడుకుల్ని, భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లు వినాలనుకున్న మాటే అది. కానీ సైన్యం ఇంకా జమ్మే చెప్పుచేతల్లో ఉంది, కుర్చీ చేతులు మారడానికి ఇంకా ఆరు వారాలుంది. ఆ సమయంలో ఆ మాట అతని చెవికి ఎలా వినపడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

చుట్టుపక్కల చూసినా అతనికి కనపడినవి అలాంటివే. చాద్‌ మాజీ నియంత హిస్సెన్‌ హాబ్రే సెనెగల్లో తలదాచుకున్నాడు. పాతికేళ్ల తర్వాత, 2016 మే నెలలోనే, అదే సెనెగల్లోని డాకర్‌లో ప్రత్యేక కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. ఐవరీకోస్ట్‌లో 2010 ఎన్నికల్లో ఓడినా దిగనన్న లారెంట్‌ బాగ్బో వల్ల అంతర్యుద్ధం రేగి దాదాపు మూడు వేలమంది చనిపోయారు. చివరికి అతణ్ని పట్టుకుని హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పంపారు (2019లో నిర్దోషిగా బయటపడ్డాడు, అది వేరే సంగతి). ఆ కోర్టులో అప్పుడు ప్రాసిక్యూటర్‌ ఎవరనుకున్నారు? గాంబియా ఆడపడుచు ఫాటూ బెన్సూదా, ఒకప్పుడు జమ్మే ప్రభుత్వంలోనే న్యాయశాఖ మంత్రి! 2016 అక్టోబరులోనే ఆ కోర్టు నుంచి తప్పుకుంటున్నామని గాంబియా ఎందుకు ప్రకటించిందో ఇక వేరే చెప్పనక్కర్లేదు. ఓడినవాడు ఇంటికి వెళ్లి వ్యవసాయం చేసుకోవచ్చు, ఆ ఇల్లు జైలు కాదనుకున్నప్పుడు. ఇరవై రెండేళ్లలో జమ్మే చేసిన పనులు అతనికి ఆ ఇంటిని మిగల్చలేదు.

జడ్జీల్లేని కోర్టు

సరే, అభ్యంతరం ఉంటే కోర్టుకి వెళ్లొచ్చు కదా! వెళ్లాడు. తన మద్దతుదారుల్ని కొన్నిచోట్ల ఓటేయనివ్వలేదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్‌ వేయించాడు. తీరా చూస్తే ఆ కోర్టులో ఉన్నది ప్రధాన న్యాయమూర్తి ఒక్కరే. మిగతా జడ్జీల్ని అంతకుముందే జమ్మే పంపించేశాడు. బెంచి నిండాలంటే నైజీరియా, సియెర్రా లియోన్‌ల నుంచి జడ్జీలు రావాలి. వాళ్లు వచ్చేసరికి మే నెలన్నా అవుతుందని జనవరి 10న ప్రధాన న్యాయమూర్తి చెప్పేశాడు. జమ్మే పదవీకాలమేమో జనవరి 18 అర్ధరాత్రితో సరి. తీర్పు వచ్చేదాకా కుర్చీలో ఉంటానన్నది అతని వాదన. తను ఖాళీచేసిన కోర్టునే తనకి అడ్డంపెట్టుకున్నాడు.

ఇరుగు పొరుగు దేశాధినేతలు అప్పటికే రంగంలోకి దిగారు. డిసెంబరు 13న లైబీరియా అధ్యక్షురాలు ఎలెన్‌ జాన్సన్‌ సర్లీఫ్‌, నైజీరియా అధ్యక్షుడు బుహారీ, సియెర్రా లియోన్‌ అధ్యక్షుడు కొరోమా, ఘనా అధ్యక్షుడు మహామా కలిసి బంజుల్‌ వచ్చారు. వీళ్లలో మహామా సంగతి చెప్పుకోవాలి. నాలుగు రోజుల కిందటే ఆయన తన దేశంలో ఓడిపోయి, గెలిచినవాడికి ఫోన్‌చేసి మరీ వచ్చాడు. ఓటమిని ఒప్పుకోవయ్యా అని చెప్పడానికి అంతకన్నా తగినవాడు దొరకడు. జమ్మే వినలేదు.

దేశంలో మాత్రం జనం నోరు విప్పడం మొదలైంది. 'గాంబియా తీర్పు చెప్పింది' అన్న మాట టీషర్టుల మీద కెక్కింది. ఆ చొక్కాలు వేసుకున్నందుకు కొందర్ని పట్టుకెళ్లారు. ప్రైవేటు రేడియోలు మూయించారు. మంత్రులు ఒక్కొక్కరే రాజీనామా చేసి జారుకున్నారు. ప్రాణభయంతో న్జై కూడా దేశం విడిచారు. తట్టాబుట్టా సర్దుకుని సెనెగల్‌ సరిహద్దు దాటినవాళ్లు దాదాపు 45 వేలమంది. జనవరి అంటే పర్యటకులు కిటకిటలాడే నెల. వేలమందిని ప్రత్యేక విమానాల్లో తీసుకెళ్లిపోయారు. బీచి పక్కన హోటళ్లలో పనిచేసుకునేవాళ్లకు ఆ సీజను అంతటితో సరి.

పరాయిగడ్డ మీద ప్రమాణం

జనవరి మధ్యలో బారో పొరుగుదేశానికి వెళ్లాడు. తిరిగి వస్తే ప్రాణానికి ముప్పని సెనెగల్‌ అతణ్ని డాకర్‌లోనే ఉంచింది. అంతలో ఇంటి దగ్గర ఎనిమిదేళ్ల కొడుకును కుక్క కరిచింది. ఆసుపత్రికి తీసుకెళ్తుండగానే పిల్లాడు పోయాడు. దేశానికి కాబోయే అధ్యక్షుడు, నాలుగైదు గంటల దూరంలో ఉండీ, బిడ్డ ఖననానికి రాలేకపోయాడు.

జనవరి 17న జమ్మే తొంభై రోజుల ఎమర్జెన్సీ ప్రకటించాడు. పార్లమెంటు అతని పదవిని మూడు నెలలు పొడిగించింది. జనవరి 19 సాయంత్రం డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో, నలుగురు నిలబడితే నిండిపోయేటంత గదిలో, బారో అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. చేయించింది బార్‌ అసోసియేషన్‌ అధ్యక్షుడు. అదేరోజు ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అతనికి మద్దతుగా తీర్మానం చేసింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి 'ఎకోవాస్‌' సేనలు సరిహద్దు దాటాయి. బంజుల్‌ మీద నైజీరియా యుద్ధవిమానాలు చక్కర్లు కొట్టాయి.

గాంబియా సైన్యాధిపతి ఉస్మాన్‌ బాజీ కథ వినితీరాలి. ఫలితం రాగానే బారోకి విధేయుణ్నన్నాడు. జమ్మే మాట మార్చగానే తనూ మార్చి, జమ్మే బొమ్మున్న బ్యాడ్జీ పెట్టుకుని తిరిగాడు. తీరా పరాయి సేనలు గుమ్మంలోకొచ్చాక, ఇదో పనికిమాలిన కొట్లాట, దీనికి నా సైనికుల్ని బలివ్వనన్నాడు. ఆ సాయంత్రం వీధుల్లో జనంతో కలిసి గంతులేస్తూ కనిపించాడు. అతణ్ని ఊసరవెల్లి అనేవాళ్లు అనొచ్చు. కాకపోతే ఆ చివరి రంగు వల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో!

గడువు మీద గడువు పెట్టారు. గినియా అధ్యక్షుడు ఆల్ఫా కోండే, మారిటేనియా అధ్యక్షుడు అబ్దెల్‌ అజీజ్‌ గంటల తరబడి నచ్చజెప్పారు. జనవరి 21 రాత్రి జమ్మే విమానం ఎక్కాడు. బ్యాండు మేళం వాయించింది. మెట్లమీంచి వెనక్కి తిరిగి ఖురాన్‌ను ముద్దుపెట్టుకుని చెయ్యి ఊపాడు. కింద కొందరు ఏడ్చారు కూడా. గినియా మీదుగా అతను చేరింది ఈక్వటోరియల్‌ గినియా. 1979 నుంచీ ఒక్కడే ఏలుతున్న దేశమది. హేగ్‌ కోర్టులో సభ్యదేశం కాదు. చోటు తెలిసే ఎంచుకున్నాడు.

ఎకోవాస్‌, ఆఫ్రికా యూనియన్‌, ఐక్యరాజ్యసమితి కలిసి అదేరోజు ఒక ప్రకటన విడుదల చేశాయి. జమ్మే గౌరవానికీ, న్యాయంగా సంపాదించిన ఆస్తులకూ భంగం రాకుండా చూస్తామని, తర్వాత స్వదేశానికి రావచ్చని అందులో ఉంది. ఆపైన బారో సలహాదారుడు చెప్పిన సంగతి... ఖజానాలోంచి చివరి రెండు వారాల్లో కోటీ పది లక్షల డాలర్లు మాయం. ఖరీదైన కార్లను సరకు విమానంలో తరలించేశారు. ఆ తర్వాత వేసిన విచారణ సంఘం మొత్తమ్మీద జమ్మే కాజేసింది కనీసం 36 కోట్ల డాలర్లని తేల్చింది.

రక్తం చిందకుండా నియంతను సాగనంపిన ఘనత ఎకోవాస్‌దే. ఆ సాగనంపడానికి అయిన ఖర్చు మాత్రం బాధితుల ఖాతాలో పడింది. నిజనిర్ధారణ కమిషన్‌ ముందు 2019 నుంచి రెండేళ్లపాటు దాదాపు 390 మంది సాక్ష్యం చెప్పారు. గాంబియన్లు పనులు మానుకుని మరీ ఆ వాంగ్మూలాలను టీవీల్లో చూశారు. చంపినవాళ్లే వచ్చి ఎలా చంపారో చెప్పారు. జమ్మేపై విచారణ జరపాలని 2021 నవంబరులో కమిషన్‌ నివేదిక ఇచ్చింది. సరిగ్గా ఆ ఎన్నికల వేళే బారో కొత్త పార్టీ, జమ్మే పాత పార్టీ నాయకులతో చేతులు కలిపింది! 2021 డిసెంబరు 4న మళ్లీ గోళీలే. బారోకి 53 శాతం. రెండో స్థానంలో నిలిచింది దార్బో... తను జైల్లో ఉన్నప్పుడు తన బదులు నిలబడ్డ కోశాధికారి చేతిలోనే ఓడిపోయాడు. ఈ లెక్క మీదా దార్బో పార్టీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఈసారి కోర్టులో జడ్జీలున్నారు. ఆ నెలలోనే పిటిషన్‌ కొట్టేశారు, అంతా ఇళ్లకు వెళ్లారు.

జమ్మే మనుషుల్లో కొందరికి శిక్షలు విదేశాల్లో పడ్డాయి. హైదరా హత్యలో పాలుపంచుకున్న డ్రైవరుకి 2023లో జర్మనీ కోర్టు యావజ్జీవం వేసింది. మాజీ హోంమంత్రి ఉస్మాన్‌ సోంకోకి 2024లో స్విట్జర్లాండ్‌లో ఇరవయ్యేళ్ల శిక్ష పడింది. జమ్మే కాలం నాటి నేరాల కోసం ప్రత్యేక న్యాయస్థానం పెట్టడానికి 2024 డిసెంబరులో ఎకోవాస్‌ ఒప్పుకుంది.

సోలో సాందెంగ్‌ను ఎక్కడ పాతిపెట్టారో జమ్మే ఉన్నన్నాళ్లూ ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. 2017 మార్చిలో సముద్రం ఒడ్డునున్న టాంజీ అనే ఊళ్లో తవ్వి అవశేషాలను బయటికి తీశారు. 2022 జులైలో అతని హత్యకేసులో రహస్య పోలీసు విభాగం మాజీ అధిపతితో సహా అయిదుగురికి బంజుల్‌ కోర్టు మరణశిక్ష విధించింది. కేసు తేలేదాకా ఆ ఎముకలు సాక్ష్యంగా ఉండిపోయాయి. 2023 జనవరిలో ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. ఎన్నికల నిబంధనలు మార్చమంటూ అతను రోడ్డెక్కి అప్పటికి ఏడో ఏడు నడుస్తోంది.